పళ్ళెంలో మిగిలిన గజ్జెలు

రాస్తున్నావా బిడ్డా? ముందుగా ఇది రాయి. చెప్తున్నది అమ్మమ్మ, రాస్తున్నది మనవరాలు, ఈ చెప్పేదంతా ఆ మనవరాలి సంగతే. లేకపోతే ఈ ముసలామె ఎవరిని పట్టుకుని నువ్వు నువ్వు అంటుందోనని చదివేవాళ్ళు తికమకపడతారు.

నాకు చదువు రాదు. వస్తే నేనే రాసుకునేదాన్ని. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముందర స్టూలు వేసి, దాని మీద కాలు చాపించి ఇట్లా బతిమాలేదాన్ని కాదు. మన వాడకట్టులో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పుకుంటున్నారు. కిరాణా దుకాణం ఆమె "మీ పిల్ల డాన్సు బడిల నుంచి ఉరికొచ్చిందట గద" అంటుంది. నల్లా దగ్గర ఇంకొకామె "ఉరికి రాలే, గురువమ్మ ఎల్లగొట్టింది" అంటుంది. నిన్ను ఎవరూ అడగరు, నన్నే అడుగుతారు. చెప్పి చెప్పి అలిసిపోయాను. రాసి ఉంటే, ఇదిగో చదువుకోండని చేతిలో పెట్టొచ్చు.

రాయమని అడిగితే నువ్వు ఏమన్నావు?

"ఉన్నదున్నట్టు చెప్తవా, మధ్యల ముచ్చట్లు కలుపుతవా?"

"నేను ఎన్నడన్న కలిపిన్నానే?"

"రోజు కలుపుతవ్. అయినా చెప్పు, రాస్త."

ఈ మాటలు కూడా రాయి, దాచకు.

ఆ బడి హసన్‌పర్తి దాటాక ఉంది. పొడుగాటి హాలు, వెనక పిల్లలుండే గదులు, పక్కన రేకుల కింద అన్నాలు తినే చోటు. పొద్దున లేవగానే డాన్సు, తర్వాత మామూలు చదువు, సాయంత్రం మళ్ళీ డాన్సు. కూచిపూడి. గురువమ్మ నా వయసుదే, కాకపోతే నాలాగా వంగిపోలేదు. ఒకసారి మన మండలం బడికి పిల్లలతో ప్రోగ్రాం పెట్టడానికి వచ్చింది. వాళ్ళు స్టేజీ మీద ఆడుతుంటే నువ్వు కింద, చెప్పుల కుప్ప పక్కన నిలబడి అవే అడుగులు వేస్తున్నావు. ఆమె స్టేజీని వదిలిపెట్టి నిన్నే చూసింది. అయిపోయాక మీ అమ్మను పిలిపించి, ఈ పిల్లను నాకివ్వండి అంది. మీ అమ్మ నా ముఖం చూసింది. నేను నీ ముఖం చూశాను. నీ ముఖం చూశాక ఇంక మేం చెప్పేదేముంది?

ఆ బడిలో గజ్జెలు ఊరికే కట్టరు. పిల్ల ఎంత బాగా ఆడినా సరే, గజ్జె పూజ అయ్యేదాకా ఉత్త కాళ్ళతోనే. ఆ పూజ శివరాత్రికి. ఇంటివాళ్ళు తెచ్చిన గజ్జెలను నటరాజు ముందర పళ్ళేలలో పెడతారు. గురువమ్మ ఒక్కో జత కళ్ళకద్దుకుని పిల్ల చేతికిస్తుంది. పిల్ల అవి కట్టుకుని అందరి ముందు ఆడాలి. ఆడినవాళ్ళు పై క్లాసుకు పోతారు, ఆడనివాళ్ళు ఇంటికి పోతారు. వెనక కొత్త పిల్లలు కాచుకుని ఉంటారు కదా. ఈసారి శివరాత్రికి నీ వంతు వచ్చింది. నాకు ఆ బడి సంగతి వేరే ఏదీ సరిగా తెలియదు కానీ ఇదొక్కటి బాగా తెలుసు, ఎందుకంటే నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది ఇదే.

కంచు మువ్వలు వరంగల్‌లో మీ అమ్మ కొనుక్కొచ్చింది. గుచ్చింది నేను. గట్టి నూలు తాడు, మువ్వకూ మువ్వకూ మధ్యన ముడి. గురువమ్మ ఒక జత చూపించి, "ముడి వదులైతే మువ్వ పక్క మువ్వకు కొట్టుకుంటుంది, చప్పుడు పాడవుతుంది" అని చెప్పింది. పొద్దుగూకాక నీళ్ళు పోసుకుని, గడప దగ్గర కూర్చుని గుచ్చేదాన్ని. కళ్ళు ఆనక సూది వేలికి దిగితే మీ నాయన నవ్వేవాడు, "అత్తమ్మా, గజ్జెలు పిల్లకా నీకా?" అని.

నెలకొక ఆదివారం చూడనిస్తారు. పత్తి ఏరే రోజుల్లో మీ అమ్మానాయనలకు తీరలేదు, నేనే పోయాను. నెక్కొండలో రైలెక్కి, వరంగల్‌లో దిగి, బస్సు పట్టుకుని, మళ్ళీ ఆటో. ఒళ్ళో బియ్యప్పిండి సర్వప్పల డబ్బా. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏం తెచ్చినా లోపల ఇచ్చేయాలి, పిల్లలందరికీ పంచుతారు. నేను నీ కోసమని పల్లీలు ఎక్కువ వేసి చేస్తే నీకు దొరికింది ఇంత ముక్క.

"గిదేం న్యాయమే?" అంటే, "ఊకో అమ్మమ్మా, మొన్న అందరం ములుగు అక్క ఇంటోళ్ళు తెచ్చిన ఇప్పపువ్వు లడ్డూలు తిన్నం గద" అన్నావు. పిల్లలంతా కింద వరుసగా కూర్చుని తింటున్నారు. నువ్వు మాత్రం మెట్టు మీద కూర్చుని ఒక కాలు చాపుకుని తిన్నావు. నేను చూశాను. చూసి, ఈ పిల్లకు పట్నపు నీలుగు వచ్చిందనుకున్నాను.

తిండి అయ్యాక మమ్మల్ని హాల్లో ఒక పక్కన చాప మీద కూర్చోబెట్టి, పిల్లల చేత ఆడించారు. ఆడే ముందు భూమికి దండం పెట్టాలి. నీ మీద కాళ్ళు వేసి తొక్కుతున్నాం తల్లీ, ఏమనుకోకు అని. దానికి మోకాళ్ళు పక్కలకు విప్పి, వీపు నిటారుగా ఉంచి, మడమల మీద కూర్చునేదాకా దిగాలి. అట్లా దిగి రెండు చేతులతో నేలను తాకి కళ్ళకద్దుకోవాలి. పిల్లలందరూ గువ్వల్లాగా అట్లా దిగారు. నువ్వొక్కదానివి నడుము వంచి నేలను తాకావు. మోకాళ్ళు వంగలేదు.

గురువమ్మ చేతిలో కర్రతో పీట మీద కొట్టింది. "మళ్ళీ అదేనా? నాట్లు వేస్తున్నావా? మోకాళ్ళు వంచు."

ఆ మాట వినగానే నాకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. నిజంగానే నువ్వు నాటేసే దానిలాగా వంగావు. మడిలో దిగినప్పుడు మీ అమ్మ అట్లాగే వంగుతుంది, నేనట్లాగే వంగాను, మా అమ్మ కూడా అంతే. కూర్చుని నాటేస్తే బురదలో దిగబడిపోతాం కదా. చాప మీద నుంచే గట్టిగా అన్నాను.

"మా నెత్తురే గట్లున్నది గురువమ్మా. నాట్లేసి నాట్లేసి మాకు నడుమే వంగుతది, మోకాలు వంగదు."

హాలంతా నవ్వింది. గురువమ్మ కూడా నవ్వాపుకుంది. నువ్వూ నవ్వావు. అటు తర్వాత ఎప్పుడు గురువమ్మ కోప్పడినా, "మాది నాట్ల నడుము అమ్మా" అని తప్పించుకునేదానివట. ఆ మాట నీ చేతికి అందించింది నేను. ఆమె బద్ధకం అనుకుంది, నేను నెత్తురు అనుకున్నాను. మీ అమ్మకు ఫోన్‌లో చెప్తే తను కూడా నవ్వింది. ముగ్గురు పెద్దవాళ్ళం, ఒక్కరికైనా వేరే ఆలోచన రాలేదు.

ఏందే, ఎందుకు ఆపావు? రాయి. ఉన్నదున్నట్టు అన్నావు కదా.

తర్వాత నేను మళ్ళీ పోయింది మిరప ఏరేటప్పుడు. శివరాత్రి దగ్గరికొచ్చింది. ఈసారి గజ్జెలు సంచిలో పెట్టుకుని పోయాను, నీకు చూపించి మళ్ళీ ఇంటికి తీసుకుపోదామని. నువ్వు వాటిని ముట్టుకోలేదు. "గురువమ్మ ఇచ్చేదాక ముట్టద్దు" అన్నావు. సంచిలోకి తొంగి చూసి, ముడులు సరిగా పడ్డాయా లేదా అని మాత్రం అడిగావు.

నీ జుట్టు చిక్కులు పడి ఉంది. వెనక వరండా మెట్టు మీద కూర్చుని, కింద కూర్చోమని నా కాళ్ళ మధ్యన చోటు చూపించాను.

"నిలబడ్త, దువ్వు."

"నాకంటె పొడుగైనవ్. నిలబడితె నాకేడ అందుతదే?"

స్తంభం పట్టుకుని మెల్లగా దిగావు. ఒక కాలు చాపే ఉంది. నేను చిక్కు తీసి, నూనె పెట్టి, జడ వేస్తూ ఏవేవో చెప్తున్నాను. బర్రె ఈనిందని, కిరాణా దుకాణం ఆమె కోడలితో మాట్లాడటం మానేసిందని. నువ్వు ఊ కొడుతున్నావు. జడ కొసకు రబ్బరు బిగించి, లే అన్నాను. నువ్వు లేవలేదు.

"ఏందే, నిద్రొచ్చిందా?"

నా తొడ మీద నీ చెయ్యి పడింది. మామూలుగా కాదు, గోళ్ళు దిగేటట్టు. మెడ వెనక చెమట పట్టింది. చలికాలం పోయి ఎండలింకా ముదరలేదు, చెమటెక్కడిది? నీ పైజామా పైకి జరిపి చూశాను. మోకాలు, చిప్ప ఎక్కడుందో తెలియకుండా ఉబ్బి ఉంది. ముట్టుకుంటే కాలిపోతోంది.

"ఎప్పటిసందే?"

"వానలప్పుడు. హాల్ల తడున్నది, జారిన."

"వానలు పొయ్యి పత్తి గూడ అయిపాయె గదనే."

"అమ్మమ్మా, లొల్లి చెయ్యకు. గజ్జె పూజ అయినంక నేనే చెప్త. జర ఓపిక పట్టు."

"లేవొస్తలేదు, ఎట్ల ఆడుతానవే?"

"ఆడేటప్పుడు నొయ్యదు."

నేను నీ ముఖంలోకి చూశాను.

"నొస్తది," అన్నావు. "కని ఆడొస్తది. ఇప్పుడు చెప్తే ఇంటికి తోలుతరు. పోయినేడు ఒక అక్కకు కాలు బెణికితె తోలిన్రు, మళ్ళ రాలే. నీ కాళ్ళు మొక్కుత, అమ్మమ్మా."

కాళ్ళు మొక్కుతానన్నావే కానీ, ఉన్నచోటి నుంచి ఇటు తిరగలేకపోయావు. నేను చంకల కింద చేతులు వేసి లేపి మెట్టు మీద కూర్చోబెట్టాను. చీర కొంగు పట్టుకున్నావు. విడిపించుకుని గురువమ్మ గదికి పోయాను. కోపం ఉంటే ఉండనీ, నేనేం దాచలేదు, నీ ముందు నుంచే పోయాను.

ఆమె మంచం మీద కూర్చుని తన మోకాళ్ళకు ఏదో నూనె రాసుకుంటోంది. నేను చెప్పింది వింది. విని, చేతికున్న నూనె తుడుచుకోవడం కూడా మరిచిపోయి అట్లాగే వచ్చి నీ కాలు చూసింది.

"చెప్పలేదేం అమ్మా?" అని నిన్ను అడిగింది.

"మీరే అంటరు గదమ్మా," అన్నావు నువ్వు. "నొప్పి మొఖం మీదికి రావద్దని."

డాన్సు నేర్పేవాళ్ళు ఆ మాట అనకుండా ఎట్లా ఉంటారు? నువ్వు ఆ మాటను అంత బాగా నేర్చుకుంటావని ఆమెకేం తెలుసు? నాకైతే అప్పుడు ఆమె మీద కోపం తెచ్చుకుందామనిపించింది. కోపం వస్తే కొంచెం నయంగా ఉండేది, కానీ రాలేదు. ఇద్దరం ముసలివాళ్ళం నీకు చెరో పక్క నిలబడ్డాం, అంతే.

హనుమకొండ దవాఖానకు మీ అమ్మానాయనలు కూడా వచ్చారు, మిరప చేను అట్లాగే వదిలిపెట్టి. మీ అమ్మ చేతుల మంట తగ్గలేదు, కళ్ళు తుడుచుకుంటే కళ్ళు మండుతాయని ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. మిషన్లో పెట్టి ఫోటోలు తీశారు. డాక్టరు చిన్నవాడు, మర్యాద గలవాడు.

"లోపల గుజ్జు చిరిగిందమ్మా. చిరిగి చానా రోజులైంది. గప్పుడే అస్తే కుట్లేసేటోళ్ళం. గదే కాలు మీద ఎగిరింది గద, ముక్కలైంది. ఆ ముక్కలు తియ్యాలె. తీస్తే నడుస్తది, మెట్లెక్కుతది, కాలేజికి పోతది. ఏం ఫికర్ లేదు."

మీ నాయన దండం పెట్టాడు. మీ అమ్మ కూడా. అప్పుడు నువ్వు అడిగావు.

"సార్, అరమండి వొస్తదా?"

"అంటే?"

అరమండి అంటే సగం కూర్చోవడం. డాన్సంతా దాని మీదనే ఉంటుందట. లేచి చూపించలేవు కదా. ఆయన బల్ల మీద రెండు వేళ్ళు నిలబెట్టావు, కాళ్ళలాగా. వాటిని పక్కలకు విప్పి, సగానికి వంచి చూపించావు. ఆ రెండు వేళ్ళతోనే నాలుగడుగులు కూడా వేశావు. ఎంత చక్కగా వేశావు బిడ్డా. డాక్టరు చివరిదాకా చూశాడు.

"గట్ల వద్దమ్మా," అన్నాడు. "గది ఇంక మర్చిపో."

వేళ్ళు ముడిచి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నావు. తిరుగు ప్రయాణంలో మీ అమ్మ పెరుగన్నం తినమంటే తిన్నావు. కిటికీ పక్కన కూర్చోమంటే కూర్చున్నావు. ఏది చెప్తే అది చేశావు. నాకు భయమేసింది అప్పుడే.

శివరాత్రికి ముందు గురువమ్మ ఫోన్ చేసింది. "పూజకు తీసుకురండి. నా పక్కన కుర్చీ వేసి తాళం వేయిస్తాను. లయ ఆమెకున్నట్టు ఇక్కడ ఎవరికీ లేదు. ఇష్టమైతే అదే నేర్పి ఉంచుకుంటాను" అంది. ఆమె నిన్ను వదులుకోవడానికి చూడలేదు, ఇది కూడా రాయి. నల్లా దగ్గరి ఆమెకు చదివి వినిపించాలి. నీకు చెప్తే, పోదాం అన్నావు. బయలుదేరేటప్పుడు గజ్జెల మూట సంచిలో పెట్టింది నువ్వే. నేను చూశాను. వద్దని ఎట్లా అనను? ముట్టకుండా గుడ్డ కొసలు పట్టుకుని పెట్టావు, గురువమ్మ ఇచ్చేదాకా ముట్టొద్దని.

హాలు నిండా మామిడాకులు, పూలు. పిల్లలు పట్టుచీరలు కట్టి, కాళ్ళకు పారాణి పెట్టుకుని వరుసగా నిలబడ్డారు. నీకు మోకాలికి బెల్టు, మామూలు డ్రస్సు, చేతిలో ఇత్తడి తాళాలు. నటరాజు ముందర అందరి పళ్ళేలూ పెట్టారు. సంచులు అందుకుని పెట్టే పిల్లవాళ్ళకు తెలియదు, మన మూట కూడా విప్పి ఒక పళ్ళెంలో వరుసలో పెట్టేశారు. నేను తీయమందామని లేచాను. నువ్వు ఆ పళ్ళెం వైపే చూస్తున్నావు. మళ్ళీ కూర్చున్నాను. ఏమో, గురువమ్మకు మనసు కరిగి ఉత్తగానైనా నీ చేతికిస్తుందేమో అనుకున్నాను. నువ్వు కూడా అదే అనుకున్నావు కదా? సరే, చెప్పకు.

గురువమ్మ ఒక్కో జత తీసి, కళ్ళకద్దుకుని, పేరు పిలిచి ఇస్తోంది. మన పళ్ళెం దగ్గరికి వచ్చింది. ఆ ముడులు నావని ఆమెకు తెలుసు. చెయ్యి కిందికి దిగింది, ఆగింది, గజ్జెలను తాకకుండా పక్క పళ్ళెం మీదికి పోయింది. ఆడని కాళ్ళకు గజ్జెలు ఇవ్వకూడదట. వాళ్ళ గురువు పెట్టిన పద్ధతి, ఆ గురువుకు వాళ్ళ గురువు. ఆమె ఎట్లా తప్పుతుంది?

పిల్లలు గజ్జెలు కట్టుకున్నారు. భూమికి దండం పెట్టారు, మోకాళ్ళు విప్పి, మడమల మీదికి. నువ్వు తాళం వేశావు. నాకు తాళం గురించి ఏం తెలుసు, కానీ ఒక్కసారి కూడా తప్పలేదని గురువమ్మ ముఖం చూస్తే తెలిసింది. అంతసేపూ నువ్వు వాళ్ళ ముఖాలు చూడలేదు, పాదాలే చూశావు.

అంతా అయ్యాక మామిడాకులు ఊడదీస్తుంటే గురువమ్మ ఆ పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఇంటికి తీసుకుపోండి అమ్మా. ఇక్కడ పెట్టుకుంటే రోజూ చూడాలి" అంది. ఎవరు చూడాలో చెప్పలేదు. తర్వాత నీ తల మీద చెయ్యి పెట్టి, "ఉంటావా నా దగ్గర? తాళం నేర్పిస్తా" అని అడిగింది.

నువ్వు ఆమెకు దండం పెట్టావు, కూర్చునే. జవాబు మాత్రం ఆటోలో నాకు చెప్పావు.

"వేరేటోళ్ళ కాళ్ళు చూసుకుంట నేను తాళమెయ్య, అమ్మమ్మా. నాతోని కాదు."

ఆటో ప్రతి గుంతకూ ఎగిరింది. ఎగిరినప్పుడల్లా సంచిలో గజ్జెలు మోగాయి. గజ్జెలు కదా, మోగకుండా ఎట్లా ఉంటాయి? సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో అదిమాను. రైలు ఎక్కాక ఇంకా ఎక్కువయింది. ఎదురుగా కూర్చున్న ఒకామె నవ్వుతూ, "ఎవలియమ్మా గజ్జెలు? మీ మనుమరాలు ఆడుతదా?" అని అడిగింది. కొంగు తీసి సంచి చుట్టూ చుట్టాను. అప్పుడు నువ్వు కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే అన్నావు.

"గట్టిగ పట్టుకో అమ్మమ్మా. ఇంక చప్పుడైతాంది."

నెక్కొండ వచ్చేదాకా ఎంత గట్టిగా పట్టుకున్నానంటే దిగాక నా వేళ్ళు విచ్చుకోలేదు.

ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినట్టే నడుస్తావట, ఇంకొన్నాళ్ళకు కాలేజీకి కూడా పోతావట. అందరూ మంచిగైంది మంచిగైంది అంటున్నారు. నేను కూడా అంటాను. పొద్దున నువ్వు కుర్చీలో కూర్చుని వాకిట్లోకి చూస్తున్నప్పుడు నీ ముఖం మీద ఏమీ ఉండదు. నొప్పి లేదు, కోపం లేదు. అది నీకు బాగా నేర్పించారు. నన్ను తిట్టినా బాగుండేది. చెప్పినందుకు తిడతావో, నాట్ల నడుము అన్నందుకు తిడతావో, ఏదో ఒకటి తిడితే నేనేదో జవాబు చెప్పుకుందును.

గజ్జెలు ఎక్కడ పెట్టానో ఎప్పుడూ అడగలేదు నువ్వు. ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను, రాయి. బియ్యం డ్రమ్ములో, అడుగున. బియ్యంలో అయితే కదలవు, చప్పుడు కావు. రోజూ బియ్యం నేనే తీస్తాను, మీ అమ్మను ముట్టనివ్వను. చెయ్యి పెట్టినప్పుడు లోతు చూసుకుంటాను. బియ్యం కిందికి దిగి మువ్వ వేలికి తగిలే లోపల కొత్త బస్తా విప్పి పోయిస్తాను. మొన్న మీ నాయన, "డ్రమ్ముల ఇంక సగముండంగనే మళ్ళ పోయమంటవేంది అత్తమ్మా?" అన్నాడు.

"బస్తాల ఉంటే పురుగు పడ్తది, డ్రమ్ముల పొయ్యి" అన్నాను.

నువ్వు ఇక్కడే ఉన్నావు, ఇదే కుర్చీలో. బియ్యం పడే చప్పుడు వింటూ, అందులో ఇంకో చప్పుడు ఉందేమోనన్నట్టు, అయిపోయేదాకా వేళ్ళు కదపకుండా కూర్చున్నావు.